కడుపు కట్టే మందు

పోయిన భాగంలో మల్లక్కను మనం సబ్‌జైలు గేటు ముందు, మిట్టమధ్యాహ్నపు ఎండలో వదిలి వచ్చాం. చాపలో చుట్టిన శవాన్ని మోసుకుని ఇద్దరు జవాన్లు గేటు దాటుతున్నారు. చాప పొట్టిదై, చచ్చినవాడి పాదాలు బయటికి కనిపిస్తున్నాయి. అవి తన అల్లుడి పాదాలేనేమోనని ఆమె గుండె ఆగినంత పనైంది.

అల్లుడు కొమురెల్లి బొగ్గు లారీ డ్రైవరు. చెన్నూరు తోవలో మోరీ వంతెన దగ్గర అతని లారీ మొండయ్య అనే రైతు ఎడ్లబండిని గుద్దింది. ఎద్దు అక్కడికక్కడే చచ్చింది. మొండయ్య కాలు విరిగి దవాఖానలో పడ్డాడు. డాక్టరు కొమురెల్లి కళ్లలోకి చూసి, నల్లమందు తిన్నాడని తేల్చాడు. ఇదివరకైతే జుల్మానా కట్టి ఇంటికి పోయేవాడు. ఆ ఏడు సర్కారు కట్టడి మారింది. మత్తు తిని బండి నడిపినవాడికి ఇక జుల్మానా లేదు, జామీను లేదు, జైలే.

ఆ నల్లమందు గోలీ అల్లుడికి పెట్టింది తానేనని మల్లక్కకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ మాట జైలు సారు ముందు చెప్పేసి, తాను లోపలికి పోయి అల్లుణ్ణి బయటికి పంపాలని ఆమె బొగ్గుబాయి కూలీల లైన్ల నుంచి నడిచి వచ్చింది.

ఇప్పుడు శవం ఆమె పక్కనుంచే పోతున్నది.

మల్లక్క వంగి ఆ పాదాలను చూసింది. అల్లుడి ముఖం గుర్తుపట్టమంటే ఆమె తడబడేదేమో. పెళ్లయిన నాటి నుంచి అతని ముందు ఆమె తలెత్తలేదు, నోరు విప్పలేదు. అత్త అల్లుడితో ఎదురుగా నిలబడి మాట్లాడడం ఆ ఇంట్లో లేదు. కానీ పాదాలు తెలుసు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచే పాదాలు, పీట ముందు మడుచుకునే పాదాలు, ఆమె చూసినవి అవే. కొమురెల్లి పాదాలు వెడల్పుగా ఉంటాయి. ఈ పాదాలు సన్నవి, ముసలివి.

"మనోడు కాదు," అని గాలి పీల్చుకుంది. పీల్చుకున్న మరుక్షణం సిగ్గు వేసింది. ఇంకెవరింట్లోనో ఏడుపు మొదలవుతుంది కదా.

"అంతయ్య," అన్నాడు గేటు దగ్గరి జవాను పోశం, ఆమె అడగకముందే. "కట్టెల లారీ నడుపుతుండె. నెత్తురు బంక పట్టింది. పొద్దుగాల్ల చూస్తే పాణం లేదు."

"ఇంకెవలికన్న పట్టిందా బిడ్డా?"

పోశం నవ్వబోయి మానుకున్నాడు. "ఎవలికి పట్టలేదో అడుగు. రోడ్డు మీద లారీలన్నీ ఆగినయి, డ్రైవర్లంత ఈడనే ఉన్నరు. ఎవలన్న హారన్ కొడితే మా జైలు లేచి ఉరుకుతది. ఒక్కటే పాయఖానా. గంతమందికి గది ఏం సరిపోతది?"

"మా కొమురెల్లి?"

పోశం గేటు చువ్వలను చూశాడు. "పండుకున్నడు," అన్నాడు. "లేస్తలేడు. నువ్వు సారుతోని మాట్లాడు."

జైలు సారు లింగమూర్తి బల్ల బయట రేకుల కింద వేసి ఉంది. అతని గదిలోనూ ఖైదీలనే పెట్టారు. పదిహేను మంది కోసం కట్టిన జైలు అది. ఇప్పుడు నలభై దాటారు. పడుకోవడం కూడా వంతుల మీద సాగుతున్నదని లైన్లలో చెప్పుకుంటారు. లింగమూర్తికి నలభై ఏళ్లుండవు గానీ, ఆ ఎండాకాలంలో చెవుల పక్కన వెంట్రుకలన్నీ తెల్లబడ్డాయి.

మల్లక్క కొంగు నెత్తి మీదికి లాక్కుని నేల మీద కూర్చుంది.

"ములాఖత్ బందున్నది అవ్వా. రోగముంది లోపట."

"ములాఖత్‌కు రాలే సారూ. నన్ను లోపటెయ్యమని వచ్చిన."

లింగమూర్తి తలెత్తాడు.

"నీ బాంచెన్, మా అల్లుని తప్పు లేదు. గా నల్లమందు నేను పెట్టిన. ఆయనకు పొద్దుగాల్ల నుంచి కడుపు కారుతున్నది. లారీ ఆపితే కంట్రాక్టరు తిడ్తడు, ఎట్ల పోతడని కడుపు కట్టేదానికి పెట్టిన. సోకుకు తిన్నది కాదు, నిషాకు తిన్నది కాదు. ఆయన్ను ఇడిచిపెట్టి నన్ను ఉంచుకో."

"మెల్లగ మాట్లాడు." లింగమూర్తి చుట్టూ చూశాడు. "ఈ ముచ్చట ఇంకెవలికన్న చెప్పినవా?"

"లే."

"చెప్పకు."

"ఎందుకు చెప్పద్దు? నిజం గదా సారూ?"

"నిజమే కావచ్చు. కట్టడిల ఎవలు పెట్టిండ్రని అడుగుడు లేదు. తిని నడిపిండా లేదా, గంతే చూస్తరు. నువ్వు పెట్టిన్నంటే నీ మీద ఇంకో కేసు. ఆయన బయటికి రాడు, నువ్వు లోపటికొస్తవు. అర్థమైందా? నువ్వు నిజం చెప్తే ఒకడు తగ్గడు, ఒకతె పెరుగుతది."

తోవ పొడుగునా మల్లక్క ఈ మాటలు కూర్చుకుంటూ వచ్చింది. తాను చేతులు కట్టుకుని నిలబడుతుంది, తాళం తీస్తారు, అల్లుడు బయటికి నడుస్తాడు, తాను లోపలికి నడుస్తుంది. గుమ్మంలో ఒకరినొకరు దాటే ఆ ఘడియను కూడా తలచుకుంది. ఇట్లా జరగదని ఎవరూ చెప్పలేదు.

"నిన్ను పెట్టాలన్నా జాగేది?" లింగమూర్తి అన్నాడు. "ఆడోళ్లకు ఒక గది ఉండె. అందుల గూడ డ్రైవర్లనే కుక్కిన. సారా కేసుల వచ్చిన ఆడామె వంటింట్ల పండుకుంటున్నది. నిన్ను నా నెత్తి మీద పెట్టుకోవాల్నా?"

"గిదేం నాయం సారూ? కడుపు నొచ్చినోడు మందు తింటే జైలా?"

"మొండయ్య కాలు పోయింది. అది నాయమేనా?"

మల్లక్క తల వంచుకుంది. దవాఖానకు ఆమె పోయి వచ్చింది. మొండయ్య ఆమెను తిట్టలేదు. "నా రెండో ఎద్దు ఒక్కటే ఉన్నదవ్వా, అది జోడు లేక అరుస్తున్నదట," అని మాత్రం అన్నాడు. తిడితే బాగుండేదనిపించింది ఆమెకు.

"కట్టడి తప్పని నేనంటలేను," లింగమూర్తి గొంతు తగ్గించాడు. "నిరుడు గీ తోవల లారీల కింద ఎంతమంది పోయిండ్రో నాకెరుకే. మత్తుల నడిపేటోళ్లను ఆపాలె. ఆపిండ్రు. ఆపి నా దగ్గరికి తోలిండ్రు. ఆడికి వాళ్ల పని అయిపోయింది. జుల్మానా ఉన్నప్పుడు సర్కారుకు నాలుగు పైసలొస్తుండె. ఇప్పుడు వచ్చుడు బందు, వీళ్లను సాకుడు సర్కారు మీద పడ్డది. గింజలేమో పాత లెక్కనే ఇస్తుండ్రు. ఎక్కువియ్యుండ్రని ఆసిఫాబాద్‌కు రాసి రాసి నా చెయ్యి నొచ్చింది. చూడు..."

వంటాయన బకెట్టుతో అంబలి తీసుకుపోతున్నాడు. జొన్న అంబలి అడుగు కనిపించేంత పల్చగా ఉంది.

"నీళ్లకు మంజూరు అక్కర్లేదు గదా," అన్నాడు లింగమూర్తి. "మంది పెరిగినకొద్దీ అవే పోస్తున్నం. గా నీళ్లే కొంప ముంచినయి."

"డాక్టర్‌ను పిలువుండ్రి సారూ."

"డాక్టర్ కచేరిల ఉన్నడు, ఆసిఫాబాద్‌ల. ఒక్కొక్క డ్రైవర్ కేసుకు ఆయననే సాక్ష్యం చెప్పాలె. 'కండ్లు ఇట్లున్నయి, నడక అట్లున్నది' అని. వారంల సగం దినాలు బోనుల నిలబడుడే. డ్రైవర్లు మత్తుల ఉన్నరని చెప్పేటందుకు ఆయనకు తీరిక ఉన్నది గాని, గా డ్రైవర్లు చస్తుంటే చూసేటందుకు లేదు."

ఈ మాట అన్నాక ఎక్కువ అన్నాననుకున్నాడేమో, దవడ బిగించుకున్నాడు.

మల్లక్కకు ఒక మాట గొంతులో తిరుగుతున్నది. చెప్పొద్దని సారు అన్నా ఆగలేదు, వేలిగోటి మీద కొలిచి చూపింది. "ఒక్క గోలీకి గంత మత్తు రాదు సారూ. పెసరగింజంత పెట్టిన. బెల్లంల చుట్టి పెట్టిన. గంత పెద్ద మనిషి, పెసరగింజంతకు లారీ మీద సోయి తప్పుతడా? నాకు గదే తెలుస్తలేదు."

"ఒక్కటా?" లింగమూర్తి ఆమెను వింతగా చూశాడు. "రెండన్నడు గదా."

"ఏంది?"

"రెండు మింగిండట. జరం ఎక్కినప్పుడు పోశంతోని అన్నడు. మొదటిది ఎవలిచ్చిండ్రని అడిగితే నోరు మూసుకున్నడు. రెండోది ఎవలిచ్చిండ్రని అడిగినా గంతే. 'నేనే కొనుక్కున్న, నేనే తిన్న,' గదే మాట మీద ఉన్నడు."

మల్లక్క అరచేయి నేలకు ఆనించుకుంది.

ఆ పొద్దు ఆమె కళ్ల ముందు కదిలింది. బిడ్డ యాదవ్వ పొయ్యి దగ్గర ఉంది. చంటిపిల్ల ఉయ్యాలలో ఉంది. కొమురెల్లి చెంబు పట్టుకుని మూడుసార్లు బయటికి పోయి వచ్చాడు. అల్లుడికి చేత్తో ఇవ్వడం ఎట్లా? అందుకని మల్లక్క బెల్లంలో గోలీ చుట్టి గడప మీద పెట్టి, గోడ వైపు తిరిగి, "కడుపు కట్టాల్నంటే గిది మింగుమనుండ్రి," అని గోడకే చెప్పింది. వెనక పాదాలు వచ్చి ఆగాయి. అవి ముందుకు పోలేదు, వెనక్కి పోలేదు. పొయ్యి వైపు ఒకసారి తిరిగాయి. మళ్లీ గడప వైపు తిరిగాయి. మందు చేదుకు జంకుతున్నాడనుకుంది ఆమె.

చేదుకు కాదు. అప్పటికే ఒకటి మింగి ఉన్నాడు. యాదవ్వ ఇచ్చింది. పొయ్యి దగ్గర, తల్లికి చెప్పకుండా, మొగుడి నోట్లో వేసింది. యాదవ్వ దగ్గర చంటిపిల్లను నిద్రపుచ్చే నల్లమందు ఉండనే ఉంది. లైన్లలో తట్టలు మోయడానికి పోయే తల్లులంతా పిల్లల నాలుకకు ఆవగింజంత రాసి పోయేవాళ్లే. ఆ పిల్లలను సగందాకా సాకింది మల్లక్కే.

"ఇంతకుముందే తిన్న," అని అతను ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ అత్తతో మాట్లాడతాడా? అత్త పెట్టినదాన్ని వద్దని తోసేస్తాడా? మర్యాదస్తుడు. మింగాడు. ఆ మర్యాదే మోరీ దాకా నడిచింది, ఎద్దును చంపింది, మొండయ్య కాలు విరిచింది.

ఇప్పుడు లోపల పడుకుని ఇద్దరి పేర్లూ మింగుతున్నాడు.

"అవ్వా? ఏమైంది?"

"ఏం లేదు సారూ." అంది మల్లక్క. "నేనే రెండిచ్చిన్నేమో. ముసలిదాన్ని, యాదికి ఉంటలేదు."

లింగమూర్తి ఆమెను చూస్తూ కూర్చున్నాడు. ఇప్పటిదాకా పెసరగింజంత అని వేలిగోటి మీద కొలిచి చూపిన మనిషికి, ఒకటో రెండో గుర్తులేదట. అతనికి అర్థమైంది. ఇందాక నిజం చెప్పడానికి వచ్చిన ముసలమ్మ ఇప్పుడు అబద్ధాన్ని ఒళ్లో దాచుకుని కూర్చుంది. నిజం చెపితే తాను ఒక్కతే లోపలికి వస్తాననుకుంది. ఇప్పుడు ఆ తాడు పట్టుకుని లాగితే చంటిపిల్ల తల్లి కూడా వస్తుంది.

లోపలినుంచి ఎవరో మూలిగారు. ఇంకెవరో "నీళ్లు" అన్నారు. "తాగకుర్రి, తాగినకొద్దీ పోతది," అని మరో గొంతు అరిచింది.

లింగమూర్తి లేచి రెండడుగులు నడిచి, తిరిగి వచ్చి, ఈసారి కుర్చీలో కాక ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఖాకీ ప్యాంటు మోకాళ్ల దగ్గర బిగుసుకుంది.

"అవ్వా, ఒక మాట అడుగుత. కోపం జెయ్యకు. నీ దగ్గర గా మందు ఇంకేమన్న ఉన్నదా?"

మల్లక్క ఉలిక్కిపడింది.

"దవాఖానల కడుపుకిచ్చే సీసా అయిపోయింది. గా సీసాల ఉండేది గూడ నల్లమందేనట, కంపౌండర్ చెప్పిండు. కొత్తది వచ్చేవరకు ఆగుమంటుండు. అంతయ్య ఆగలేదు. మీ అల్లుడు ఆగుతడని నాకు నమ్మకం లేదు. నెత్తురు పడుతున్నది. రాత్రి దాటాల్నంటే కడుపు కట్టాలె. నీకు కొలత తెలుసు."

"కొలత తెలిసే గదా సారూ ఈడిదాకా వచ్చింది!"

"అయితే ఈసారి ఒక్కతె చేతితోని పెట్టు."

మల్లక్క అతని ముఖంలోకి చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్రలేనివి. కానీ కళ్ల కింద మెడ, మెడ కింద ఖాకీ. రజాకార్ల ఏట కూడా ఇట్లాగే ఒక ఖాకీ బట్టలవాడు గడపలో గొంతుక్కూర్చుని మెత్తగా ఒక పేరు అడిగాడు. భయపడి పక్కింటామె చెప్పింది. తెల్లారేసరికి చెప్పినామె ఇల్లూ, పేరుగలవాడి ఇల్లూ రెండూ బూడిదయ్యాయి. అప్పటినుంచి మెత్తగా అడిగే ఖాకీ అంటేనే ఆమెకు భయం.

"నా దగ్గర లేదు," అంది. అది నిజమే. లారీ సంగతి తెలిసిన పొద్దే ఉన్నదంతా పొయ్యిలో వేసింది. "లైన్లల్ల గూడ దొరకది. అందరు భయానికి పారేసుకున్నరు."

"అందరా?"

యాదవ్వ పారేయలేదు. చంటిపిల్ల నిన్న పగలంతా కదలకుండా పడుకుంది. మల్లక్క చూసింది, చూసి ఏమీ అడగలేదు.

"ఎవల దగ్గరనో ఉన్నది. నీకెరుకే. పేరు చెప్పు. పోశం టోపీ లేకుంట, బిళ్ల లేకుంట సైకిల్ మీద పోయి తెస్తడు. కేసు లేదు, ఏం లేదు."

"రేపు ఎవలన్న అడిగితే?"

"జైలుల నల్లమందు పెట్టిచ్చిండని తెలిస్తే ముందు పోయేది నా ఉద్యోగం. ఆ ఎన్క నేను గూడ గా జైలుల్నే పండుకుంట, వంతు ప్రకారం." నవ్వు రాలేదు అతనికి. "కుడితిల పడ్డ ఎలుక లెక్క ఉన్నది నా బతుకు. ఇంకో శవం బయటికి పోతే నేను జవాబు చెప్పాలె. మందు లోపటికి పోతే గూడ నేనే చెప్పాలె. శవం కన్న మందు నయమనుకున్న. పేరు చెప్పు అవ్వా."

పేరు చెపితే అల్లుడు బతకవచ్చు. ఆ పేరు బిడ్డది. పోశం మంచివాడే కావచ్చు. సారు మాట నిజమే కావచ్చు. కానీ జైలు జవాను పోయి యాదవ్వ చేతినుంచి నల్లమందు తీసుకుంటే, లైన్ల వాళ్లంతా చూస్తారు. చూసినవాళ్లలో ఒక్కడు చాలు. ఒళ్లో పాలు తాగే పిల్లతో బిడ్డ ఈ గేటు దాటి వస్తుంది, ఈ నీళ్లే తాగుతుంది. చెప్పకపోతే బిడ్డ బయటే ఉంటుంది, పసుపు కుంకుమ లేకుండా.

పోశం వరండా చివర వేలాడే ఇనప పట్టా మీద సుత్తితో గంట కొట్టాడు. మధ్యాహ్నపు లెక్క. ఆ చప్పుడుకు రేకులు జలదరించాయి, గోడ మీది కాకులు లేచిపోయాయి.

అప్పుడే జైలు వెనక క్వార్టరు తలుపు తెరుచుకుంది. లింగమూర్తి భార్య చంద్రవ్వ గడపలోకి వచ్చింది. భుజం మీద పసిపిల్లవాడు.

"అన్నం సల్లారిపోతున్నది," అంది.

లింగమూర్తి వెనక్కి తిరగకుండానే, "వస్త, నువ్వు లోపటికి పో, ఈడ రోగమున్నది," అన్నాడు.

మల్లక్క ఆ పిల్లవాణ్ణి చూసింది. ఇనప పట్టా వాడి తలకు పది బారల దూరంలో మోగింది. ఇంకా మోగుతూనే ఉంది. పిల్లవాడి రెప్ప అదరలేదు. చెయ్యి తల్లి వీపు మీద వాలి, దెబ్బ దెబ్బకూ ఊగుతున్నది గానీ పిడికిలి బిగించడం లేదు. పెదవులు సగం తెరిచి ఉన్నాయి. నుదుటి మీద సన్నటి చెమట.

ఎన్ని పదుల పిల్లలను ఒళ్లో వేసుకున్నదో మల్లక్క. ఆ నిద్ర ఆమెకు తెలుసు. అది ఆకలి తీరిన నిద్ర కాదు, ఆట అలసిన నిద్ర కాదు. ఆవగింజంతతో వచ్చే నిద్ర.

గడపలో నిలబడ్డామె గొంతు కూడా తెలుసు. పోయిన చలికాలం లైన్లకు ఒకామె వచ్చింది, ముఖం నిండా కొంగు కప్పుకుని. "కంట్రాక్టరు ఇంటి మనిషిని. బాబు పండుకుంటలేడు, పక్కన ఒకటే లొల్లి," అని చెప్పి, మల్లక్క చేతినుంచి ఆకులో చుట్టిన మందు తీసుకుపోయింది. కొంచెం బొంగురు పోయిన ఈ గొంతే అది. పక్కన లొల్లి ఏమిటో మల్లక్కకు ఇప్పుడు తెలిసింది.

చంద్రవ్వ కూడా ఆమెను గుర్తుపట్టింది. ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. మొగుడి వీపు వెనకనుంచి, మల్లక్క కళ్లలోకి చూస్తూ, తల మెల్లగా అడ్డంగా ఊపింది. వద్దు. మరొకసారి ఊపింది. పిల్లవాడి తలను అరచేత్తో కప్పుకుంది.

మల్లక్క ఆ చేతిని చూసింది. తన బిడ్డ చెయ్యి కూడా అట్లాగే ఉంటుంది. లోపలినుంచి మూలుగు మళ్లీ వినిపించింది. ఈసారి ఆ గొంతు ఎవరిదో అత్తకు తెలిసింది.

"పేరు చెప్పు అవ్వా," అన్నాడు లింగమూర్తి. "పొద్దు పోతున్నది. పోశం సైకిల్ తీసి పెట్టుకున్నడు."

మల్లక్క కొంగు సర్దుకుని లేచి, క్వార్టరు గడప వైపు తిరిగి నిలబడింది.

"సైకిల్ ఎందుకు సారూ," అంది. "గంత దూరం లేదు."